పూర్వ విద్యార్థినుల పేర్లు ఎవరి దగ్గర ఉన్నాయి?

కేసముద్రం రైల్వే స్టేషను నుంచి వ్యవసాయ మార్కెట్టు వైపు నడిచేవాళ్లకు వేసవి సెలవుల్లోనూ సంక్రాంతి రోజుల్లోనూ ఒకే రకం ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం. పాతికేళ్ల తర్వాత కలుసుకున్న మిత్రులు, పాత సార్లకు శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, చివర్లో బడికి ఏదో ఒక కానుక. నాలుగు బెంచీలో, ఫ్యాన్లో, మంచినీళ్ల యంత్రమో, సరస్వతీదేవి విగ్రహమో. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. చదువుకున్న బడిని మరచిపోకపోవడం మంచి విషయమే. అయితే ఈ ఫ్లెక్సీల మీద వరుసగా నిలబడ్డ ముఖాలను కాసేపు చూడండి. ఆ బ్యాచ్‌లో ఆడపిల్లలు లేరా? ఉన్నారు. హాజరు పట్టీలో ఉన్నారు, పదో తరగతి ఫలితాల్లో ఉన్నారు. ఫ్లెక్సీ మీదికి వచ్చేసరికి వాళ్లు ఏ మూలో ఇద్దరో ముగ్గురో అయిపోతారు. ఆ ఇద్దరు ముగ్గురు కూడా తరచుగా ఆ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్నవాళ్లు, లేదా ఆ ఊరి కోడళ్లైనవాళ్లు.

ఈ సంచికలో ఈ విషయం గురించి రాయడానికి కారణం ఉంది. పూర్వ విద్యార్థుల వ్యవహారం ఇప్పుడు మిత్రుల సరదాగా మిగల్లేదు. అది ప్రభుత్వ విధానంలో భాగమైంది. 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభించిన 'మన ఊరు - మన బడి' కార్యక్రమంలో 26,065 పాఠశాలల్ని, 7,289 కోట్ల రూపాయలకు పైగా అంచనాతో బాగు చేస్తామన్నారు. ప్రతి బడికీ పూర్వ విద్యార్థుల సంఘం ఏర్పడాలనీ, దాతల్ని కలుపుకోవాలనీ, పెద్ద మొత్తం ఇచ్చినవారు సూచించిన పేరు గదికో బడికో పెట్టవచ్చుననీ అందులోనే చెప్పారు. కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో 'విద్యాంజలి' పేరుతో ఇలాంటిదే మొదలుపెట్టింది. కళాశాలల సంగతి మరీ స్పష్టం. వాటికి గ్రేడులిచ్చే న్యాక్ 2017లో తెచ్చిన పద్ధతిలో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యానికి విడిగా మార్కులు పెట్టింది. నమోదైన సంఘం ఉందా, అది ఎన్ని లక్షలిచ్చింది అని అడిగింది. అంటే విరాళాలు అడగడం, పాత విద్యార్థులతో సంబంధాలు నిలబెట్టుకోవడం విద్యాసంస్థలు చెయ్యవలసిన పనుల్లో ఒకటయింది.

మరి ఆ పని ఎవరు చేస్తున్నారు?

ఐఐటీల్లో దానికొక డీన్ ఉంటారు, కార్యాలయం ఉంటుంది, జీతం తీసుకునే సిబ్బంది ఉంటారు. మన జిల్లాల్లోని డిగ్రీ కళాశాలల్లో ఒక ఆదేశం టైపు చేసి ఎవరో ఒక అధ్యాపకురాలిని 'పూర్వ విద్యార్థుల సమన్వయకర్త' అంటారు. ఆమె కాంట్రాక్టు మీద పనిచేస్తున్నదైతే కాదనే అవకాశం కూడా ఉండదు. క్లాసులు తగ్గవు, జీతం పెరగదు. బళ్లలోనైతే ఆ ఆదేశం కూడా ఉండదు. ప్రధానోపాధ్యాయుడు వేదిక మీద ఉంటారు. ఫోన్లు చెయ్యడం, పేర్లు రాయడం, ముగ్గులు వేయించడం, ప్రార్థనాగీతానికి పిల్లల్ని తయారుచెయ్యడం, వచ్చినవాళ్లకు మజ్జిగ అందేట్టు చూడడం టీచరమ్మల వంతు. నలుగురిని పలకరించడం, గుర్తుపెట్టుకోవడం, నొప్పించకుండా అడగడం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే గుణాలన్నట్టు ఈ పనిని వాళ్లకు అప్పజెప్తారు. ఇంట్లో చుట్టరికాలు నిలబెట్టే పని ఎట్లా లెక్కలోకి రాదో, ఇక్కడ సంస్థ చుట్టరికాలు నిలబెట్టే పనీ అట్లాగే లెక్కలోకి రాదు. వంట చేసేది ఆడవాళ్లయితే వంటమాస్టరు మగవాడైనట్టు, ఈ పనికి జీతం, హోదా వచ్చినచోట మాత్రం కుర్చీలో కూర్చునేవాళ్లు మారిపోతారు.

ఇది నేర్చుకోవలసిన వృత్తి అన్న మాట మన దగ్గర ఇంకా వినబడడం లేదు. అమెరికాలో రెండు పాత సంఘాలు కలిసి 1974లో 'కేస్' అనే సంస్థగా ఏర్పడ్డాయి. విద్యాసంస్థల్లో విరాళాలు, పూర్వ విద్యార్థుల సంబంధాలు, ప్రచార వ్యవహారాలు చూసే ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడమే దాని పని. ఆ ఉద్యోగులకు తరగతులుంటాయి, పాటించవలసిన నియమాలుంటాయి, ఉద్యోగంలో ఎదిగే మెట్లుంటాయి. అక్కడ కూడా ఈ రంగంలో ఎక్కువమంది స్త్రీలే, పై మెట్ల మీద పురుషుల వాటా ఎక్కువే. కాబట్టి శిక్షణ ఒక్కటే అన్నిటికీ మందు అని మేం చెప్పడం లేదు. కాని పనికి ఒక పేరు, ఒక కొలత ఉన్నప్పుడే అందులోని అన్యాయాన్ని చూపించి అడగగలం. పేరులేని పనికి హక్కులు కూడా ఉండవు.

'అడగడానికి కూడా శిక్షణా?' అని నవ్వేవాళ్లున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఏ కోర్సు చదివి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టారు? నైజాం రాజ్యంలో పై చదువులకు తెలుగు మాధ్యమం ఊసే లేని రోజుల్లో, 1928లో, మాడపాటి హనుమంతరావు గారు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల పెట్టినప్పుడు ఎవరు నేర్పారు? నిజమే, ఎవరూ నేర్పలేదు. ఆ బడికి గుర్తింపు కోసం పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం వైపు చూడవలసి వచ్చిన కాలమది. అప్పుడు విరాళం అడగడం ఉద్యమంలో భాగం. అడిగేవాళ్ల వెనక ఒక ఆశయం ఉంది, ఊళ్లో పేరుంది, ఇంటి అండ ఉంది. నెలకు ఇంత అని గంటల లెక్కన పాఠం చెప్పే ఒక అమ్మాయి చేతికి రశీదు పుస్తకం ఇచ్చి, దుర్గాబాయమ్మను చూసి నేర్చుకో అనడం ఆదర్శం కాదు, దబాయింపు.

ఇక అసలు విషయానికి వద్దాం. శిక్షణ అంటే ఏమిటి, అందులో మన స్త్రీల ప్రశ్న ఎక్కడుంది?

ఈ వృత్తికి పునాది ఒక జాబితా. ఎవరు చదివారు, ఇప్పుడెక్కడున్నారు, ఏం చేస్తున్నారు. మా దృష్టికి వచ్చిన జాబితాల్లో మగపిల్లల పేర్లకు ఎదురుగా ఊరు, ఉద్యోగం, ఫోన్ నంబరు ఉంటాయి. ఆడపిల్లల పేర్లకు ఎదురుగా ఎక్కువగా గీతలే ఉంటాయి. లేదా 'పెళ్లయింది' అని ఉంటుంది. పెళ్లి ఒక చిరునామా అయినట్టు! ఇది సమన్వయం చేసేవాళ్ల బద్ధకం వల్ల జరిగింది కాదు. బడి రిజిస్టరులో ఆమె తండ్రి ఇంటిపేరుతో ఉంది. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, కొన్ని కులాల్లో అత్తవారు పెట్టిన పేరుతో ముందరి పేరు కూడా మారింది. ఆధార్ కార్డులో తండ్రి పేరు పోయి భర్త పేరు వచ్చింది. నరసయ్య కొడుకు యాదగిరి నలభై ఏళ్ల తర్వాత కూడా అదే యాదగిరి. అతని పక్క వరుసలో కూర్చున్న అమ్మాయిని వెతకాలంటే మూడు ఊళ్లు తిరగాలి. కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. అంటే దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు. వీళ్లలో పదో తరగతి మధ్యలోనో, ఇంటర్ మొదట్లోనో వెళ్లిపోయినవాళ్లు 'బ్యాచ్' అన్న లెక్కలోకే రారు. పరీక్ష రాసినవాళ్లే బ్యాచ్ అనుకుంటే, చదువు ఆపించబడ్డ వాళ్లు రెండోసారి కూడా బయటికి పోయినట్టే.

ఫోన్ సంగతి చూద్దాం. అదే సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 54 శాతం మందికే తాము వాడుకునే సొంత ఫోన్ ఉంది. మిగిలినవాళ్లను వెతికే దారి భర్త ఫోనో, కొడుకు ఫోనో. సమ్మేళనాలన్నీ ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో పుడుతున్నాయి. ఆ గ్రూపులో చేరడమంటే నలభై మంది మగవాళ్లకు తన నంబరు తెలిసిపోవడం. రాత్రి పదకొండుకు 'గుర్తున్నానా' అని ఒక సందేశం వస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో పాఠకులకు మేం విడమరచి చెప్పనవసరం లేదు. 'ఆడవాళ్లు రారండీ, ఎంత పిలిచినా రారు' అని నిర్వాహకులు వాపోతారు. రాకపోవడం ఆమె నిర్ణయమా, రాలేకపోవడమా అని మాత్రం అడగరు.

అందుకే ఈ పనికి తర్ఫీదు కావాలంటున్నాం. వెతికే పద్ధతి ఉంది. బడి వదిలేరోజునే తల్లి పేరు, తల్లిగారి ఊరు, ఇంటిపేరు రాసి పెట్టుకుంటే, తర్వాత ఇంటిపేరు మారినా ఆ దారి తెగదు. అన్నదమ్ముల్ని అడిగేకంటే ఊరి మహిళా సంఘంలో అడిగితే ఆచూకీ తొందరగా దొరుకుతుంది. ఏ ఊరి ఆడపిల్ల ఎక్కడున్నదో ఆ సంఘం అక్కలకు తెలుసు. ముందుగా ఒక స్త్రీ, ఆమెతో ఏకాంతంగా మాట్లాడి, నంబరు ఎవరికి చెప్పవచ్చో, ఎవరికి చెప్పకూడదో ఆమెనే అడగాలి. వద్దంటే అక్కడితో వదిలెయ్యాలి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టానికి కూడా మూలం ఈ సమ్మతే. కాని చట్టం కంటే ముందు ఇది మర్యాద.

తేదీ నిర్ణయించడం కూడా ఒక విద్యే. మే నెల ఆదివారం, సంక్రాంతి మర్నాడు - ఇవి హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉద్యోగం చేసే మగవాళ్ల సెలవులు. మన జిల్లాల్లో ఆడపిల్ల తల్లిగారింటికి వచ్చేది బతుకమ్మకు. పెట్రమాస నుంచి దసరా దాకా ఊరి ఆడబిడ్డలంతా ఊళ్లోనే ఉంటారు. సద్దుల రోజు కాకుండా ఆ మధ్యలో ఒక పూట బడి తలుపులు తెరిస్తే, పిల్లల్ని కూడా తీసుకురమ్మంటే, ఎంతమంది వస్తారో చూడవచ్చు. ఇన్నేళ్లలో ఈ మాట నిర్వాహకులకు తట్టకపోవడానికి కారణం, తేదీ నిర్ణయించే కూర్చీల్లో బతుకమ్మ పేర్చేవాళ్లు లేకపోవడమే.

డబ్బు దగ్గరికి వస్తే ఇంకో చిక్కు. విరాళం అడిగేవాళ్లు సహజంగానే పెద్ద చెయ్యిని వెతుకుతారు. స్త్రీల దగ్గర డబ్బుండదనీ, ఉన్నా భర్తను అడగనిదే ఇవ్వరనీ ముందే తీర్మానించుకుంటారు. 2022లో అమెరికాలోని డల్లాస్‌లో గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం 'జింకానా' సమావేశంలో ఒక మహిళా డాక్టరు, గవిని ఉమాదేవి గారు, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో తల్లీబిడ్డల విభాగం కోసం 20 కోట్ల రూపాయలు ప్రకటించారు. తన పేరు వద్దన్నారనీ, చివరికి కాలం చేసిన తన భర్త డాక్టర్ కానూరి రామచంద్రరావు గారి పేరుకు ఒప్పుకున్నారనీ పత్రికలు రాశాయి. అది ఆమె ఇష్టం, దాన్ని ప్రశ్నించే హక్కు మనకు లేదు. అంత ఔదార్యం ముందు తలవంచుతాం. కాని ఇంత పెద్ద దానం చేసిన స్త్రీ సైతం తన పేరు పక్కకు పెట్టుకుందంటే, మన ఊళ్ల శిలాఫలకాల మీద స్త్రీల పేర్లు ఎందుకు అరుదో ఆలోచించాలి కదా? 'కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం, వారి ధర్మపత్ని' అన్న వాక్యంలో ఇచ్చినామె పేరు రాస్తారా లేదా అన్నది చెక్కించే ముందు ఆమెను అడగవలసిన ప్రశ్న. అడగడం నేర్పితేనే అడుగుతారు.

పెద్ద విరాళాల సంగతి ఇలా ఉంటే చిన్నవాటి సంగతి ఎవరికీ పట్టదు. మిర్చి ఏరబోయే ఒక తల్లి తను ఏడో తరగతి దాకా చదివిన బడికి రెండు వందలు ఇస్తే ఏ బోర్డు మీదా ఎక్కదు. ఆమె సంపాదనలో అది ఒక రోజు కూలిలో ఎంత భాగమో లెక్కవేస్తే, కారులో వచ్చి పదివేలు ఇచ్చినవాడికన్నా ఆమే పెద్ద దాత. మొత్తాన్ని బట్టి కాకుండా ఇచ్చినవాళ్లందరి పేర్లూ ఒకే వరుసలో రాసే ఆచారం పెడితే ఖర్చేమీ కాదు. ఆ డబ్బుతో ఏం చెయ్యాలో కూడా ఇచ్చినవాళ్లను అడగాలి. స్త్రీలను అడిగి ఉంటే స్వాగత తోరణం కన్నా ముందు గడియ ఉన్న మరుగుదొడ్డి, అందులో నీళ్లు వచ్చేవి.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని ఒక విషయం. విరాళం ఇచ్చేవాడికీ, అడిగేవాళ్లకీ మధ్య సమానత్వం ఉండదు. అడిగేది స్త్రీ అయితే ఆ తేడా ఇంకా పెద్దది. 2018 జనవరిలో లండన్‌లోని డార్చెస్టర్ హోటల్లో 'ప్రెసిడెంట్స్ క్లబ్' అనే సంస్థ మగవాళ్లకు మాత్రమే నడిపిన విరాళాల విందులో అక్కడ పనిచేసిన అమ్మాయిలతో అతిథులు ఎంత హీనంగా ప్రవర్తించారో ఒక పత్రిక బయటపెట్టింది. పిల్లల ఆసుపత్రి ఒకటి ఆ డబ్బును తిప్పికొట్టింది. అదే ఏడాది అమెరికాలో విరాళాల సేకరణ ఉద్యోగుల మధ్య జరిపిన సర్వేలో నలుగురు స్త్రీలలో ఒకరు లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. ఆ వేధింపుల్లో దాదాపు మూడింట రెండు వంతుల్లో వేధించినవాళ్లలో దాతలున్నారు. అక్కడే అలా ఉంటే మన దగ్గర 'సారు పెద్ద మనిషి, ఒకసారి ఇంటికెళ్లి కలిసి రామ్మా' అని పంపించే ప్రిన్సిపాళ్లున్నచోట ఎలా ఉంటుంది? పంపడమే కాదు, దాతకు పూలగుత్తి ఇవ్వడానికి విద్యార్థినుల్ని వరుసగా నిలబెట్టడం కూడా మనకు మామూలు విషయమైపోయింది.

2013 చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పనిచేసే చోటికి వచ్చే బయటివాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. వేధించినవాడు ఉద్యోగి కాకపోయినా చర్య మొదలుపెట్టించాలి. యూజీసీ 2015 నిబంధనలు బయటివారి వేధింపు గురించి ప్రత్యేకంగా చెప్పాయి. పదిమంది కన్నా తక్కువ సిబ్బంది ఉన్న బడిలో టీచరు జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. ఎంతమంది సమన్వయకర్తలకు ఈ మాట చెప్పారు? దాత అనేవాడు బడికి దేవుడు కాదనీ, అతని డబ్బు వద్దనే హక్కు తనకుందనీ, ఒంటరిగా ఎవరింటికీ పోనవసరం లేదనీ తెలియడం ఈ వృత్తి శిక్షణలో మొదటి పాఠం కావాలి. లెక్కల పాఠం ఆ తర్వాతే.

లెక్కల పాఠమూ చిన్నదేం కాదు. మన భాషలో 'డొనేషన్' అన్న మాటకే మచ్చ ఉంది. సీటు అమ్ముకోవడానికి అది మారుపేరు. ఆ పద్ధతిని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది, 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా మాట్లాడింది, అయినా ఆ మాటకు అర్థం మారలేదు. కాబట్టి రశీదు లేకుండా ఒక్క రూపాయి తీసుకున్నా అడిగినామె మీదే అనుమానం పడుతుంది. అమెరికాలో ఉన్న పాత విద్యార్థి పంపే డబ్బు ఇంకో ముడి. అతను ఇంకా భారత పౌరుడైతే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఒక లెక్క. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం. 2010 చట్టం కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. అనుమతి ఉన్నా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఇది తెలియక తన సొంత ఖాతాలో వేయించుకున్న టీచరుకు రేపు నోటీసు వస్తే ఏ బ్యాచ్ మిత్రుడు వచ్చి నిలబడతాడు?

ఇంతా చెప్పాక ఒక విషయం తేల్చుకోవాలి. బడికి గోడ కట్టించడం, టీచర్లను నియమించడం ప్రభుత్వం పని. పూర్వ విద్యార్థుల జేబులు చూపించి ఆ పని నుంచి తప్పుకుంటామంటే మనం ఒప్పుకోం. పైగా ఎదిగిన పూర్వ విద్యార్థులున్న బడికే విరాళాలొస్తాయి. తండా బడికి, దళితవాడ బడికి, ఆడపిల్లలు మాత్రమే చదివిన బడికి రావు. తేడాలు తగ్గడానికి బదులు పెరుగుతాయి. కస్తూర్బా విద్యాలయాల పథకం 2004లో మొదలైంది. అక్కడ చదివిన అమ్మాయిలు ఇప్పుడిప్పుడే సంపాదనలోకి వస్తున్నారు, వాళ్లు ముందు తమ్ముళ్ల ఫీజులు కట్టాలి.

2024లో తెలంగాణ ప్రభుత్వం బడుల మరమ్మతులను 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలకు అప్పజెప్పింది. గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు కమిటీకి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయులు సభ్య కన్వీనరు. స్వయం సహాయక సంఘాల స్త్రీలను ఇంత దూరం తెచ్చినందుకు సంతోషించాలి. కాని కాంట్రాక్టరు తెచ్చిన కాగితం మీద ఆమె సంతకం పెట్టి రావడమే జరిగితే, సర్పంచి భర్తల కథ బడి గేటు దగ్గర మళ్లీ మొదలవుతుంది. పొదుపు లెక్కలు ఏళ్ల తరబడి రాసిన స్త్రీలు వీళ్లు. బిల్లు చదవడం, కొలతలు సరిచూడడం, విరాళం ఖాతాను ప్రభుత్వ ఖాతాతో కలవకుండా ఉంచడం నేర్పితే, టీచరమ్మా అధ్యక్షురాలూ కలిసి ఈ పనిని ఎవరికీ జడవకుండా చెయ్యగలరు. ఇద్దరికీ కలిపి శిక్షణ ఇవ్వాలని మేం కోరుతున్నాం. ఒకరికి అక్షరం తెలుసు, ఇంకొకరికి ఊరు తెలుసు.

ఈ శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలన్న దానికి మా దగ్గర ఒక సూచన ఉంది. హైదరాబాదు కోఠీలోని మహిళా కళాశాల 1924లో పుట్టింది, 2022లో విశ్వవిద్యాలయమైంది, నూరేళ్లు నిండిన 2024లో పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. మన జనగామ జిల్లా స్త్రీ పేరు. రాష్ట్రంలో నాలుగు తరాల చదువుకున్న స్త్రీల ఆచూకీ వెతకవలసిన అవసరం, అర్హత ఆ సంస్థకే ఎక్కువ. అక్కడ ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టి, జిల్లాల్లో ఈ పని చేస్తున్న కాంట్రాక్టు అధ్యాపకురాళ్లకు జీతంతో కూడిన సెలవు ఇచ్చి పంపాలి. తిరిగొచ్చాక వారానికి కొన్ని గంటలు బోధన తగ్గించి ఈ పనిని ఉద్యోగ విధుల్లో రాయాలి. రాయకపోతే, వద్దని చెప్పే హక్కు వాళ్లకుండాలి.

పాఠకులకు ఒక కోరిక. ఈ బతుకమ్మకు తల్లిగారి ఊరు వెళ్లినప్పుడు మీరు చదివిన బడికి వెళ్లి ప్రవేశ రిజిస్టరు చూపించమని అడగండి. మీ పేరు ఎలా రాసి ఉంది, మీతో చదివిన అమ్మాయిల్లో ఎంతమంది ఎక్కడున్నారో ఆ ఊళ్లో ఎవరికి తెలుసు, సమ్మేళనానికి మిమ్మల్ని పిలిచారా, పిలిస్తే ఎవరి ఫోనుకు పిలిచారు - ఇవి రాసి పంపండి. ఊరి పేరు చాలు, మీ పేరు మీకు ఇష్టమైతేనే. దసరా తర్వాత నెలలోగా చేరినవాటిని వచ్చే సంచికలో వేస్తాం.